ఎడిసన్‌లో ఉగాది, శనివారం: పనుల పంపకం (సౌండ్ అర్జెంట్!)

గోదారి గట్టు, మంగళవారం రాత్రి 9:10
నాలుగు రోజులే ఉంది. ఇంకా తేలనివి: వేపపూత ఎవరు తెస్తున్నారు, స్టేజి వెనక తెర, పార్కింగ్ దగ్గర ఇద్దరు మనుషులు, పులిహోరకు పెద్ద గిన్నెలు. రేపటికల్లా పేర్లు రాయండి. ట్రాకులన్నీ గురువారం సాయంత్రం 5 లోపు పెన్‌డ్రైవ్‌లో ఇమ్మన్నారు ఆడిటోరియం వాళ్ళు. తమ్ముడూ, అవి రెడీయే కదా?

మిక్సర్ పిచ్చోడు, 9:42
అన్నా, చిన్న సమస్య. చిన్నది కాదులే. 11 ట్రాకులూ నా పాత సౌండ్ మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ల్యాప్‌టాప్ మార్చాను. కొత్తదాంట్లో సీరియల్ నంబర్ కొడితే ‘మీ ఖాతా కొత్త సంస్థకు మారింది’ అంటోంది. ఆ కంపెనీని ఎవరో కొనేశారు. లింకు నొక్కితే చందా పేజీ, ఏడాదికి 180 డాలర్లు. సపోర్ట్‌కి రాస్తే ఐదు పనిదినాల్లో జవాబిస్తారట.

లెక్కల బాబాయ్, 9:58
సౌండ్ పద్దులో మిగిలింది 60. అదీ మైకుల బ్యాటరీలకు. హాలు డిపాజిట్ ప్రోగ్రాం అయ్యాకే వెనక్కి వస్తుంది. ముందే చెప్పొద్దా బాబూ?

మిక్సర్ పిచ్చోడు, 10:01
నాకు తెలిసిందే ఇవాళ! ఆ సాఫ్ట్‌వేర్ నా జేబులోంచి కొన్నది బాబాయ్, సంఘం డబ్బు కాదు.

బన్నీ వాళ్ళమ్మ, 10:06
రికార్డింగ్, ఎడిటింగ్ చేసే ఆడాసిటీ ఫ్రీయే కదా, అందులో చేసేయొచ్చుగా?

ఉప్మా ద్వేషి, 10:11
దాన్నీ 2021లో మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ కొనేసింది. డేటా లాగుతారని పెద్ద రచ్చయింది. పిల్లల గొంతులున్నాయి మరి.

బన్నీ వాళ్ళమ్మ, 10:12
అమ్మో! మావాడి డైలాగులు ఎవరికో పోతాయా?

పాత రేడియో, 10:30
పోవమ్మా. వాళ్ళు గూగుల్, యాండెక్స్ సేవలతో వాడకం వివరాలు సేకరిద్దామనుకున్నారు, అదీ మనం సరేనంటేనే. జనం తిరగబడితే మానుకున్నారు. ఆ జూలైలో ప్రైవసీ పాలసీలో 13 ఏళ్ళలోపు వాళ్ళకు కాదని రాశారు. ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సు ఉన్నదానికి అలా షరతు పెట్టడమేమిటని మళ్ళీ గొడవ. తరవాత తీసేశారు. మనం రికార్డు చేసింది మన డిస్కులోనే ఉంటుంది, క్లౌడ్‌లో సేవ్ చేసే బటన్ జోలికి పోకపోతే చాలు. కోడ్ అందరిదీ కనుక, నచ్చనివాళ్ళు దాన్నే తీసుకుని టెనాసిటీ అని వేరే సాఫ్ట్‌వేర్ మొదలెట్టారు. అసలు చిక్కు వేరు: తమ్ముడి ప్రాజెక్టు ఫైళ్ళను ఆడాసిటీ తెరవదు.

మిక్సర్ పిచ్చోడు, 10:44
అందుకే ఆ 180 కట్టేద్దాం అంటున్నా. కొత్త యజమాని వస్తే అంతా నాశనమని కాదు. 2017లో గిబ్సన్ కంపెనీ కేక్‌వాక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఆపేసింది. మరుసటేడు బ్యాండ్‌ల్యాబ్ కొని ఉచితంగానే ఇచ్చింది.

లెక్కల బాబాయ్, 10:49
2002లో ఆపిల్ ఎమాజిక్ కంపెనీని కొని, వాళ్ళ లాజిక్ సాఫ్ట్‌వేర్‌కు విండోస్ వెర్షన్ ఎత్తేసిన సంగతి కూడా చెప్పు. ఈ ఏడు 180 కడతాం, వచ్చే ఏడు ఎవరు కొంటారో, ఎంత అడుగుతారో! నేను సంతకం పెట్టను.

మిక్సర్ పిచ్చోడు, 10:51
అయితే మీరే చేసుకోండి. నాలుగు వారాంతాలు నిద్ర మాని చేశాను, ఇక నా వల్ల కాదు.

కోలాటం వదిన, 11:05
ఇద్దరూ ఆగండి. తమ్ముడూ, పాత ల్యాప్‌టాప్ పారేశావా?

మిక్సర్ పిచ్చోడు, 11:20
లేదు వదినా. స్క్రీన్ పగిలి గరాజ్‌లో పడి ఉంది.

కోలాటం వదిన, 11:21
రేపు పట్రా. మా టీవీకి తగిలిద్దాం. భోజనం ఇక్కడే.

పాత రేడియో, 11:26
వైఫై కట్టేసి తెరువు నాయనా. నెట్ తగిలిందా, అదీ ఖాతా అడుగుతుంది. తెరుచుకుంటే మరేం ముట్టుకోకు, ఒక్కో ట్రాకూ మామూలు ఆడియో ఫైలుగా, అంటే వేవ్ ఫైలుగా బయటికి లాగు. వేవ్ ఎక్కడైనా పాడుతుంది.

మిక్సర్ పిచ్చోడు, బుధవారం రాత్రి 10:35
తెరుచుకుంది! టీవీలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, మౌస్ వదినే పట్టుకుంది. 8 వచ్చాయి. కోలాటం, తంబూరా, నాటిక రాలేదు. వాటిలో వాడిన ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి అదనంగా తగిలించే భాగం) లైసెన్సు అడుగుతోంది.

బన్నీ వాళ్ళమ్మ, 10:41
నాటిక మళ్ళీ చదివిద్దాం. ఆరుగురూ మా వీధిలోవాళ్ళేగా. స్కూల్ అయ్యాక 3:30కి మా ఇంట్లో. ఆడాసిటీ ఎక్కించేశాను.

పాత రేడియో, 10:50
బట్టల అల్మారాలో నిలబెట్టండి, చుట్టూ కోట్లు వేలాడాలి. గొంతు గింగురుమనదు. స్పూల్ టేపును బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించిన చేతులివి, మౌస్‌తో కొయ్యలేనా! నేనూ వస్తా. తంబూరా ఫోన్‌లో ఉంది, దాన్నే మైకు దగ్గర పెడదాం.

కోలాటం వదిన, 10:58
కోలాటానికి ట్రాకు వద్దు. మేమే పాడతాం. ఢోలక్ బాబాయ్ దగ్గర ఉంది.

లెక్కల బాబాయ్, 11:15
ఉంది, అటక మీద. ఎడమవైపు చర్మం వదులైంది. చూస్తాను. తమ్ముడూ, ఆ వారాంతాల మాట... నేనలా అనకుండా ఉండాల్సింది.

మిక్సర్ పిచ్చోడు, గురువారం సాయంత్రం 4:47
పెన్‌డ్రైవ్ ఇచ్చేశాను. 9 ఫైళ్ళు. నాటికలో రెండో సీన్ దగ్గర బన్నీ తుమ్ము వినిపిస్తుంది, తీయలేదు, టైం లేదు. బాబాయ్, ఢోలక్‌కి ఒక మైకు ఎక్కువ కావాలి, బ్యాటరీలు మరో నాలుగు.

లెక్కల బాబాయ్, 4:52
తెస్తున్నా.