స్టీవెన్స్ జాడీ కవిత కళను మెచ్చుకుంటోందా, తప్పుపడుతోందా?

ప్రశ్న:
అమెరికన్ కవి వాలెస్ స్టీవెన్స్ రాసిన ‘అనెక్‌డోట్ ఆఫ్ ద జార్’ అనే కవిత 1919లో అచ్చయింది. మొత్తం పన్నెండు లైన్లు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక కొండ మీద గుండ్రటి జాడీ పెట్టానంటాడు కవి. చుట్టూ అడ్డదిడ్డంగా ఉన్న అడవి దాని దాకా లేచివచ్చి, చుట్టూ పరుచుకుని, ఇక అడవిలా ఉండదు. జాడీ అంతటినీ ఏలుతుంది. కానీ అది బూడిద రంగులో బోసిగా ఉంటుంది, పిట్టనో పొదనో ఇవ్వదు.

నాకిది కళకు పెట్టిన దండంలా అనిపించింది. మనిషి చేసిన ఒక్క వస్తువు అక్కడ నిలబడగానే ఆ గందరగోళానికి నడిమి బిందువు దొరికింది. నాతో పాటు చదివిన స్నేహితురాలు మాత్రం ‘ఇది ఆక్రమణ కథ’ అని గట్టిగా వాదించింది. అవే పన్నెండు లైన్లలో ఇద్దరికి ఇంత వేరుగా ఎలా కనిపించింది? మీరెలా చదివారు?

జవాబు 1:
మీ స్నేహితురాలి వైపే నేను. అడవి ఎవరినీ అడగలేదు కదా, నాకో జాడీ కావాలని! ఎవరో తెచ్చి పెట్టారు, అడవి లొంగిపోయింది. వియత్నాం యుద్ధం మీద మైకేల్ హెర్ రాసిన ‘డిస్పాచెస్’ (1977)లో, కొండల మధ్య ఉన్న ఖేసాన్ సైనిక స్థావరం గురించి చెబుతూ ఈ జాడీనే తలచుకుంటాడు. అది చదివాక ఈ కవితను అమాయకంగా చదవడం నావల్ల కాలేదు.

జవాబు 2:
ఇంగ్లీషు కవి కీట్స్‌ను పక్కన పెట్టుకుని చదవండి. 1819లో ఆయన రాసిన కవితలోని గ్రీకు కలశం మీద ప్రేమికులు, చెట్లు, వేణువు ఊదేవాడు ఉన్నారు. వందేళ్ల తర్వాత వచ్చిన ఈ జాడీ మీద ఒక్క గీత కూడా లేదు. పాత అందాల అండ లేకుండా కళ ఎలా నిలబడాలన్నదే ఇక్కడి బెంగ అనుకుంటాను.

జవాబు 3:
అర్థం సంగతి తర్వాత, ముందు ఇంగ్లీషులో పైకి చదవండి. రౌండ్, సరౌండ్, అరౌండ్, గ్రౌండ్... జాడీ గుండ్రదనం లైన్లలోకి పాకిపోతుంది. మొదటి లైన్లో ‘నేను పెట్టాను’ అన్న మనిషి మళ్లీ ఎక్కడా కనిపించడు. ఇక మూడో చరణం. అంతటినీ ఏలింది అనే లైను ‘ఎవ్రీవేర్’ అని ముగుస్తుంది. వెంటనే వచ్చే ప్రాస ‘బేర్’, అంటే బోసి. గెలుపు పక్కనే ఆ బోసితనాన్ని ప్రాసతో కట్టేశాడు. అందుకే మీ ఇద్దరిలో ఏ ఒక్కరి వైపూ వెళ్లలేను. క్రమం వచ్చిన మాట నిజం, దానికి చెల్లించిన మూల్యమూ నిజం.

ప్రశ్న అడిగినవారు:
పైకి చదివానండి. ఆ ప్రాస వినిపించాక చాలాసేపు ఇంకేమీ చదవబుద్ధి కాలేదు. అయినా ఒక్క చోట నా మాట వదులుకోలేను. టెనెసీలో ఇలాంటిది ఇంకొకటి లేదు అంటాడు చివర్లో. ‘ఇంకొకటి లేదు’ అనడం పొగడ్త కాదా?

జవాబు 3:
ఆ మాట ముందు లైనుతో కలిసే ఉంది, విడదీయకండి. అక్కడున్న మిగతావన్నీ పిట్టనో పొదనో ఇస్తాయి, ఇదొక్కటే ఇవ్వదు. ఇది పొగడ్త అని నేను ఒప్పుకోలేనండి.