అమెరికాలో కాలేజీ ఆటగాళ్లకు డబ్బులివ్వడం కరెక్టేనా? 19 ఏళ్లు నిండేదాకా ఎన్‌బీఏలోకి రాకూడదనడం ఏంటి?

ఫ్రిస్కో_నాన్న:
మా వాడికి పదహారేళ్లు, బాస్కెట్‌బాల్ పిచ్చి. నిన్న రాత్రి భోజనాల దగ్గర నాతో వాదన పెట్టుకున్నాడు. హైస్కూల్ అవగానే ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌కి, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోటికి, వెళ్లనివ్వరు, 19 ఏళ్లు రావాలి, హైస్కూల్ అయ్యి ఏడాది గడవాలి. 2005లో లీగ్, ఆటగాళ్ల యూనియన్ కలిసి ఒప్పుకున్న రూల్ ఇది, అన్యాయం అంటాడు వాడు. ఇంకోపక్క కాలేజీ ఆటగాళ్లు డబ్బుల కోసం వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్ వల్ల 2025 జూలై 1 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బులిస్తున్నాయి, మొదటి ఏడాది ఒక్కో కాలేజీ సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. చదువుకునే చోట ఇంత డబ్బేంటో నాకు మింగుడుపడట్లేదు. మీరేమంటారు?

టెన్నిస్_తండ్రి:
మీ అనుమానం సరైనదే అన్నా. ఫుల్ స్కాలర్‌షిప్ అంటే ఫీజు, రూము, తిండి, పుస్తకాలు అన్నీ ఫ్రీ. మన ఊళ్ల నుంచి పిల్లలు పొలం తాకట్టు పెట్టి, లోను తీసుకుని ఇక్కడికి ఎమ్మెస్ చేయడానికొస్తున్నారు, వాళ్లకెవరిచ్చారు ఇవన్నీ? చదువుకి మించిన జీతం ఏముంటుంది? ఇక వయసు సంగతి. టెన్నిస్‌లో జెన్నిఫర్ కాప్రియాటి 1990లో పదమూడేళ్లకే ప్రొఫెషనల్ అయింది, పద్దెనిమిది నిండకముందే అలిసిపోయి ఆటకి దూరమైంది. ఆ తర్వాతే చిన్న వయసు అమ్మాయిలు ఏడాదికి ఎన్ని టోర్నీలు ఆడాలో లెక్క పెట్టారు. పిల్లల్ని కాపాడాలంటే హద్దు ఉండాల్సిందే.

చిత్తూరు_చిన్నోడు:
లెబ్రాన్ 2003లో పద్దెనిమిదేళ్లకే వచ్చాడు కదా, ఏమైంది? కోబీ కూడా హైస్కూల్ నుంచే.

టెన్నిస్_తండ్రి:
లెనీ కుక్ పేరు విన్నారా? అప్పట్లో లెబ్రాన్ కన్నా గొప్పవాడవుతాడన్నారు. 2002లో హైస్కూల్ నుంచే డ్రాఫ్ట్‌కి వెళ్లాడు, ఒక్క టీమ్ కూడా తీసుకోలేదు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. గెలిచినవాళ్ల పేర్లే చెబుతారు అందరూ.

కృష్ణాతీరం:
టెన్నిస్_తండ్రి గారూ, 'చదువే జీతం' అన్నారు కదా, ఆ చదువు ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. ఎమ్మెస్ చేసేటప్పుడు రెండేళ్లు ఒక పెద్ద కాలేజీలో ఆటగాళ్లకు మ్యాథ్స్ ట్యూటర్‌గా పనిచేశాను. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాడొకడు ఉండేవాడు, కెమిస్ట్రీ చదవాలని ఆశ. ల్యాబ్ మధ్యాహ్నం 2 గంటలకి, ప్రాక్టీసూ అదే టైముకి. రెండో సెమిస్టర్‌కల్లా వాడి మేజర్ మార్పించేశారు, అదేమిటో వాడికే సరిగ్గా తెలీదు. రాత్రి ఎనిమిదింటికి మోకాలికి ఐస్ కట్టుకుని నా ముందు కూర్చునేవాడు, కాలిక్యులేటర్ చేతిలో ఉండగానే నిద్రపోయేవాడు. ఐస్ కరిగి నా నోట్సు తడిసిపోయేది. లేపాలంటే మనసొప్పేది కాదు.

రూల్ ప్రకారం సీజన్‌లో వారానికి 20 గంటలే ఆట. మ్యాచ్ రోజు ఎంతసేపైనా లెక్కలో 3 గంటలే, ప్రయాణం లెక్కలోకే రాదు. అసలు 'స్టూడెంట్ అథ్లెట్' అనే మాట ఎందుకు అంతగా వాడారో చూడండి. 1955లో కొలరాడోలో రే డెన్నిసన్ అనే ఆయన కాలేజీ ఫుట్‌బాల్ ఆడుతూ తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య కార్మికుల పరిహారం అడిగితే, అతను ఉద్యోగి కాదు కాబట్టి రాదని 1957లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. ఉద్యోగి అనకుండా ఉండటానికే ఆ మాట.

ఎఫ్1_కష్టాలు:
నేనూ వారానికి 20 గంటలే బ్రో, డైనింగ్ హాల్‌లో గిన్నెలు కడిగాను. గంట గంటకీ లెక్కకట్టి ఇచ్చారు. మార్చిలో జరిగే బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ టీవీ హక్కులకి 2010లో 14 ఏళ్లకు 1080 కోట్ల డాలర్ల ఒప్పందం అయ్యింది, ఆడేవాడికి మాత్రం ఇవ్వకూడదంటే ఎలా? పర్డ్యూ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడిన జాక్ ఈడీ కెనడా వాడు, దేశంలోనే బెస్ట్ ప్లేయర్ అయినా స్టూడెంట్ వీసా వల్ల తోటివాళ్లలాగా యాడ్స్ చేసుకోలేకపోయాడు. ఈ సంగతి ఎవరికీ పట్టదు.

టెన్నిస్_తండ్రి:
కృష్ణాతీరం గారూ, ఆ అబ్బాయిని ఎవరైనా బలవంతంగా సంతకం పెట్టించారా? లేదు కదా. ఇష్టపడే చేరాడు. దీనికి జవాబు చెప్పండి ముందు.

కృష్ణాతీరం:
చెప్తాను. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి వెళ్లాలంటే హైస్కూల్ అయ్యాక మూడేళ్లు ఆగాలి. 2004లో మారిస్ క్లారెట్ అనే కాలేజీ ఆటగాడు ఆ రూల్ మీద కోర్టులో పోరాడాడు, కింది కోర్టులో గెలిచి పై కోర్టులో ఓడిపోయాడు. ఆ మూడేళ్లు కాలేజీ కాక ఇంకెక్కడ ఆడతాడండీ? ఉన్నది ఒక్కటే తలుపు, అందులోంచి వస్తే ఇష్టపడి వచ్చాడంటే ఎలా? కాప్రియాటి రూల్ పిల్లల ఒంటిని కాపాడటానికి పెట్టింది. ఇది ఓనర్ల డబ్బుని కాపాడటానికి, తప్పు కుర్రాడిని కొనుక్కుని నష్టపోకుండా. పద్దెనిమిదేళ్లకి సైన్యంలో చేరి తుపాకీ పట్టుకోవచ్చు, బంతి పట్టుకుని సంపాదించకూడదా?

టెన్నిస్_తండ్రి:
సంతకం బలవంతంగా పెట్టించారా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

కృష్ణాతీరం:
మీకు ఆ ఒక్క ముక్కే కావాలి! పేదింటి పిల్లాడి చేతిలో నాలుగు డాలర్లు కనిపిస్తే ఓర్చుకోలేని వాళ్లు మనలోనే ఎక్కువ, నేను చూస్తూనే ఉన్నాను.

ఎన్‌జే_లక్ష్మి:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఆడపిల్లల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఆ హౌస్ సెటిల్‌మెంట్‌లో పాత ఆటగాళ్లకు బకాయిల కింద ఇవ్వాల్సిన సుమారు 280 కోట్ల డాలర్లలో ఎక్కువ భాగం ఫుట్‌బాల్, మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కే కేటాయించారు. చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టానికి ఇది విరుద్ధమని కొందరు అమ్మాయిలు అప్పీలుకి కూడా వెళ్లారు.

టెన్నిస్_తండ్రి:
ఓర్చుకోలేకపోవడమా? సరే, చెప్తాను వినండి. మా అమ్మాయి ఏడేళ్ల వయసు నుంచి ఆడింది. పదకొండేళ్లు శని, ఆదివారాలు నేనూ మా ఆవిడా కారులోనే ఉన్నాం. స్కాలర్‌షిప్ మీద సీటొస్తే ఇల్లంతా పండగ చేసుకున్నాం. పోయిన ఏడాది ఒకరోజు పొద్దున్నే జూమ్ మీటింగ్, పది నిమిషాలు కూడా పట్టలేదు, టెన్నిస్ టీమ్ ఎత్తేస్తున్నాం, డబ్బు వేరే చోటికి సర్దాలి అన్నారు. ఎనిమిది మంది అమ్మాయిలు. మా పిల్ల ఆ రోజు నాకు ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు, ఊపిరి మాత్రం వినిపించింది. రాకెట్ల బ్యాగు ఇప్పటికీ కారు డిక్కీలోనే ఉంది, తీసి లోపల పెడదామంటే వద్దంటుంది. నేను అసూయపడుతున్నానని రాశారు మీరు.

కృష్ణాతీరం:
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తెలీక అన్నాను, క్షమించండి.

కానీ ఒకటి మాత్రం అడగాలి. ఆ టెన్నిస్ టీమ్ ఇన్నాళ్లూ నడిచింది ఎవరు తెచ్చిన డబ్బుతో?

టెన్నిస్_తండ్రి:
ఫుట్‌బాల్ డబ్బే. తెలుసు నాకు. ఆ అబ్బాయి మోకాలి మీద మా పిల్ల చదువుకుందని మీరు చెప్పక్కర్లేదు, రాత్రిళ్లు అదే ఆలోచన. వాళ్ల వాటా వాళ్లకిస్తే మా పిల్ల ఆట ఆగిపోతుంది. ఇవ్వకపోతే అన్యాయం. కోచ్‌ల జీతాల్లోంచి, కొత్త స్టేడియంల ఖర్చులోంచి తియ్యరు, ముందు కత్తి పడేది ఈ పిల్లల మీదే. అందులో మా అమ్మాయి చేసిన తప్పేంటో చెప్పండి.

కృష్ణాతీరం:
ఏ తప్పూ లేదు. కోచ్‌ల జీతాల దగ్గర మీతో నాకు గొడవే లేదు. ఆ కుర్రాడికి రావాల్సింది మాత్రం ఆపకూడదు, అంతవరకూ నేను మారను.

టెన్నిస్_తండ్రి:
నేనూ మారను. టీమ్ ఎత్తెయ్యకుండా ఇవ్వగలిగితేనే ఇవ్వాలి.

ఫ్రిస్కో_నాన్న:
మా వాడు నా పక్కనే కూర్చుని ఇదంతా చదివాడు. ఆ ఫుట్‌బాల్ అబ్బాయి మోకాలు తర్వాత ఏమైందని అడుగుతున్నాడు.

కృష్ణాతీరం:
రెండో సర్జరీ తర్వాత మళ్లీ గ్రౌండ్‌లోకి దిగలేదు తమ్ముడూ. నేను ఆ ఊరు వదిలేటప్పటికి డిగ్రీకి ఇంకా రెండు సెమిస్టర్లు మిగిలున్నాయి వాడికి.