స్టెంట్ వేసి ఇంటికొచ్చాక ఎంత నడవాలి? భయం పోయేదెలా?

గోదారిగట్టు:
నాన్నగారికి 61. గుండెపోటు వచ్చి, మణికట్టు దగ్గర నుంచి స్టెంట్ వేశారు. ఎకోలో పంపింగ్ (గుండె రక్తాన్ని తోసే శక్తి) 45 శాతం, మామూలుకంటే తక్కువ. డిశ్చార్జి చీటీలో "కొంచెం కొంచెం నడవండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. దగ్గర్లో రిహాబ్ సెంటర్ లేదు. మెటోప్రొలోల్, ఆస్పిరిన్, టికాగ్రెలార్, అటోర్వాస్టాటిన్ వాడుతున్నారు. రోజూ ఎన్ని నిమిషాలు నడవొచ్చు? వాచీలో గుండె వేగం ఎంత దాకా పోనివ్వొచ్చు? ఇంకోటి, ఆయన మంచం దిగట్లేదు. కాస్త గట్టిగా ఊపిరి తీసుకున్నా మళ్లీ వస్తుందేమోనని బెదురు. అమ్మ మంచినీళ్లు కూడా చేతికే అందిస్తోంది. రాత్రిళ్లు నిద్ర లేదు.

ఫిజియో_హనుమకొండ:
ముందు వాచీ పక్కన పెట్టండి. గుండె వేగానికి పై హద్దు చెప్పే, 220లోంచి వయసు తీసేసే లెక్క మెటోప్రొలోల్ వాడేవాళ్లకి పనికిరాదు. నాడి పెరగనివ్వకపోవడమే ఆ మాత్ర పని. ఆ అంకె అందుకోబోతే శక్తికి మించి నడిచేస్తారు. చూడాలనే ఉంటే కూర్చున్నప్పటి నాడి కంటే 20, మహా అయితే 30 ఎక్కువ దాకా చాలు. అంతకంటే నమ్మదగింది మాట. నడుస్తూ ఓ వాక్యం పూర్తిగా చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి కోసం ఆగారంటే వేగం తగ్గించాలి.

మొదలుపెట్టే ముందు డాక్టరుగారిని రెండు సంగతులు అడగండి: స్టెంట్ వెయ్యకుండా వదిలేసిన బ్లాకులు ఉన్నాయా, గుండె లయలో తేడా కనిపించిందా. రెండూ లేవంటే, ఆయన సరే అంటే, మొదటి వారం చదునైన చోట 5 నిమిషాలు, రోజుకి మూడుసార్లు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులకో నిమిషం పెంచండి. 15 దాటాక పూటకోసారి చాలు. ఆరు వారాలకి ఏకబిగిన 30 నిమిషాలకు చేరితే బాగా వచ్చినట్టే. మర్నాడు పొద్దున లేవగానే నీరసంగా ఉంటే నిన్నటిది ఎక్కువైందన్నమాట, రెండు నిమిషాలు తగ్గించండి.

నడక 15 నిమిషాలు దాటాక మొదటి 5, చివరి 5 నిమిషాలు నిదానం. ఆ చివరి ఐదే అందరూ ఎగ్గొడతారు. ఠక్కున ఆగితే కాళ్లలో విచ్చుకున్న నాళాల్లో రక్తం నిలిచిపోయి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. తిన్నాక గంటన్నర ఆగాలి. కోస్తా ఎండల్లో అయితే పొద్దున ఏడు లోపే కానిచ్చెయ్యాలి.

స్టెంట్ వేసిన చేత్తో వారం దాకా బకెట్ ఎత్తనివ్వకండి. నిండు బకెట్ అంటే 15 కిలోల పైమాటే. ఆ తర్వాతైనా ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు. దొడ్డికి వెళ్లినప్పుడు ముక్కడమూ అలాంటిదే, మలబద్ధకం ఉంటే రాత్రి ఇసబ్గోల్ ఇవ్వండి.

రిహాబ్_నర్సు:
ఆ బెదురు సంగతి చెప్తాను. నాలుగడుగులు వేస్తే గుండె దడదడలాడటం తెలుస్తుంది, అది పోటులాగే తోస్తుంది, వెళ్లి పడుకుంటారు. పడుకుంటే భయం తగ్గుతుంది కాబట్టి మళ్లీ లేవరు. కదలకపోతే కండలు తగ్గిపోయి బాత్రూం దాకా వెళ్లినా ఆయాసం వస్తుంది. "చూశావా, నేను చెప్పలే" అంటారు. ఇది తెగాలంటే నడకకి ముందు, ఆగగానే, ఆగిన మూడు నిమిషాలకి నాడి రాయండి. పెరిగిన నాడి తనంతట దిగడం ఆయన తన కళ్లతో చూడాలి. ఆ పుస్తకం అమ్మగారి చేతిలో పెట్టండి. ఊరికే కూర్చోమంటే ఆవిడకీ కాళ్లూ చేతులూ ఆడవు. నీళ్లు తెచ్చుకోవడం, గడ్డం గీసుకోవడం, స్టూలు మీద కూర్చుని స్నానం ఆయన్నే చేసుకోనివ్వాలి.

వేలితో ఫలానా చోటని చూపించగలిగి, నొక్కితే నొప్పెట్టేది ఎక్కువగా కండరానిదే. ఛాతీ మధ్యలో బరువు, దవడకో చేతికో పాకడం, చల్లచెమట అయితే వెంటనే ఆపాలి. డాక్టరు సార్బిట్రేట్ (గుండె నాళాలు విప్పే మాత్ర) 5 మి.గ్రా. రాసి ఉంటే కూర్చోబెట్టి నాలుక కింద పెట్టండి. నిలబడి వేసుకుంటే బీపీ పడి తూలిపోతారు. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకున్న 24 గంటల్లో, తడలాఫిల్ అయితే 48 గంటల్లో సార్బిట్రేట్ వెయ్యకూడదు. ఈ సంగతి ఇంట్లో అడగడానికి మొహమాటపడతారు, అడగాలి.

దిగులు రెండు వారాలు దాటినా, దేనిమీదా మనసు పోకపోయినా డాక్టరుకి చెప్పండి. గుండెపోటు తర్వాత ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు గుండె రోగులకీ ఇస్తారు, కాకపోతే ఆస్పిరిన్, టికాగ్రెలార్‌తో కలిస్తే రక్తస్రావం అవకాశం పెరుగుతుంది కనుక రాసే డాక్టరుకి మందుల చీటీ చూపించాలి. "బతికేం లాభం" అన్న మాట వస్తే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

గోదారిగట్టు:
చాలా థ్యాంక్సండి. కూర్చున్నప్పుడు కూడా ఉన్నట్టుండి ఊపిరి ఆడనట్టుంది అంటున్నారు. పక్కింటాయన టికాగ్రెలార్ రెండ్రోజులు ఆపి చూడమంటున్నారు.

ఫిజియో_హనుమకొండ:
ఒక్క పూట కూడా ఆపకండి, అది రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర. కొత్త స్టెంట్‌లో రక్తం గడ్డకడితే మళ్లీ పెద్ద పోటే. పన్ను పీకించాలన్నా కార్డియాలజిస్టుని అడక్కుండా ఆపకూడదు. టికాగ్రెలార్ వల్ల కొందరికి ఇలా ఆయాసం వస్తుంది, అవసరమైతే డాక్టరే క్లోపిడోగ్రెల్‌కి మారుస్తారు. కాకపోతే పంపింగ్ 45 కాబట్టి ఒంట్లో నీరు చేరుతోందేమో ముందు తేల్చుకోవాలి. రోజూ పొద్దున దొడ్డికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూడండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా అపాయింట్‌మెంటు కోసం ఆగకండి. అవేవీ లేకపోయినా రేపు ఫోన్ చేసి ఆయాసం సంగతి చెప్పండి. అప్పటిదాకా నిమిషాలు పెంచొద్దు.