వారిక్ డన్ నిజంగా ఫ్రీగా ఇళ్లు ఇస్తాడా?

హన్మకొండ పీఈటీ:
అన్నలూ, జేఎన్ స్టేడియంలో పొద్దున ప్రాక్టీసుకొచ్చే పిల్లలకు అప్పుడప్పుడు ఒక ఆటగాడి గురించి చెప్తుంటా. ఈసారి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు వారిక్ డన్ అనుకున్నా. పేదలకు ఫ్రీగా ఇళ్లు ఇస్తాడని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా? కాలేజీ నుంచి ఎట్ల పైకొచ్చాడో కూడా రాయండి.

కాజీపేట జంక్షన్:
ముందు ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదని చెప్పండి సార్, లేకపోతే మెస్సీతో ఆడాడా అని అడుగుతారు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ తరఫున ఆడుతూ 1993లో నేషనల్ టైటిల్ గెలిచిన టీమ్‌లో ఉన్నాడు. 1997లో అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో టాంపా బే జట్టు వాళ్లు తీసుకున్నారు, తర్వాత అట్లాంటా జట్టు. బంతి పట్టుకుని పరుగెత్తడమే పని, 12 సీజన్లలో 10,967 గజాలు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, మనకు పర్లేదు గానీ అక్కడ పొట్టోడి కిందే లెక్క.

పరకాల టు డల్లాస్:
ఫ్రీ కాదు సార్, మన డబుల్ బెడ్‌రూం స్కీమ్ అనుకోవద్దు. పిల్లల్ని ఒంటరిగా పెంచుతూ లోన్ మీద మొదటి ఇల్లు కొనుక్కునేవాళ్లకు డన్ చారిటీ వాళ్లు డౌన్ పేమెంట్‌లో సాయం చేసి, మంచాలు, సోఫాల నుంచి ఫ్రిజ్‌లో సరుకుల దాకా సర్దిపెడతారు. ఈఎంఐ వాళ్లే కట్టుకోవాలి. నాకు నచ్చింది అదే, ఎందుకంటే ఇల్లు కొన్నాక మొదటి నెల జేబులో పైసా ఉండదు, కొన్నోళ్లకే తెలుస్తది.

ఆయన ఇది చేయడానికి కారణం వాళ్లమ్మ. లూసియానా రాష్ట్రంలోని బ్యాటన్ రూజ్‌లో పోలీసు, ఆరుగురు పిల్లలు, సొంతిల్లు కొనాలని ఆశ, జీతం చాలక డ్యూటీ అయ్యాక సెక్యూరిటీ పని. 1993 జనవరిలో ఒక షాపు మేనేజర్‌కు తోడుగా రాత్రి బ్యాంకుకు డబ్బులు వేయడానికి వెళ్తే దొంగలు కాల్చి చంపారు. డన్‌కు అప్పటికి 18 నిండి రెండు రోజులు. ఇంటికి పెద్దోడు కాబట్టి తమ్ముళ్లు, చెల్లెళ్ల భారం మీద పడ్డది.

ములుగు రోడ్:
కోట్లు తీసుకునేటోళ్లకు ఇదో లెక్కా?

పరకాల టు డల్లాస్:
రిటైరై పేరు కోసం చేసింది కాదు తమ్మీ. ఆటగాళ్లు ఊరికి ఏదైనా చేయాలని టాంపా బే కోచ్ టోనీ డంజీ అంటే, మొదటి ఏడాదే, 1997లో మొదలుపెట్టాడు. 2006లో సాయం అందిన ఒక తల్లి కొడుకే డెషాన్ వాట్సన్, తర్వాత పెద్ద క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆటను నడిపించేవాడు) అయ్యాడు. ఆరోపణల మీద 2022లో వాట్సన్‌కు 11 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడ్డది, కాబట్టి పిల్లల ముందు ఆ పేరు తేకండి.

హన్మకొండ పీఈటీ:
థాంక్స్ అన్నా. ఈఎంఐ కట్టకపోతే ఇల్లు పోతుందా?

పరకాల టు డల్లాస్:
లోన్ వాళ్ల పేరు మీదే కదా సార్, పోతుంది. అందుకే తక్కువ ఆదాయం వాళ్లకు ఇళ్లు కట్టే హాబిటాట్ లాంటి స్వచ్ఛంద సంస్థలు ముందే ఇంటి ఖర్చుల మీద క్లాసులు పెడతాయి.