నల్లరేగడి బాటకి సెకండ్‌హ్యాండ్ డస్టర్ ఏడబ్ల్యూడీ: ఏం చూసి కొనాలి?

పరిగి రోడ్డు:
ఇల్లు మియాపూర్‌లో, పొలం వికారాబాద్ దాటాక పరిగి వైపు. తారు రోడ్డు దిగితే 2 కిలోమీటర్లు బండ్లబాట, సగం మొరం, సగం నల్లరేగడి. ఎరువు బస్తాలు, డ్రిప్పు పైపులు వేసుకెళ్లాలి. రెనో డస్టర్ డీజిల్ ఏడబ్ల్యూడీ, అంటే నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే కారు చూస్తున్నా. వానాకాలం పనికొస్తుందా? కొనేముందు ఏమేం చూడాలి?

గేర్‌ఆయిల్:
పనికొస్తుంది అన్నా. గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. మొదటి గేరు బాగా పొట్టిది, లో రేంజ్ (జీపుల్లో మెల్లగా, బలంగా లాగే అదనపు గేరు) లేకున్నా బరువుతో మెల్లగా లాగుతుంది. 2014లో వచ్చిన బండి, బీఎస్6 పొగ నిబంధనలతో 2020లో డీజిల్ ఆగింది. కాబట్టి దొరికేవన్నీ పాతవే. మీటరు కంటే బిల్లులు నమ్మండి.

టైమింగ్ బెల్టు బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి వేయించాలి. అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజన్ విప్పాల్సి వస్తుంది.

టైర్లు నాలుగూ ఒకే రకం, 215/65 ఆర్16. అరుగుదలలో తేడా 2 మిల్లీమీటర్లు దాటొద్దు. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే చక్రాల చుట్టుకొలత కలవక కప్లింగ్ (వెనక చక్రాలకి పవర్ పంపే భాగం) మంచి రోడ్డు మీద కూడా తంటాలు పడి త్వరగా పోతుంది.

ఏడబ్ల్యూడీ నాబు లాక్‌లో (వెనక చక్రాలకీ పవర్ కచ్చితంగా వెళ్లేలా) పెట్టి మొరం మీద గట్టిగా కదిలించండి, ఒకరు పక్కన నిలబడి చూడాలి. వెనక టైర్ల కిందినుంచి కూడా మొరం ఎగరాలి. ముందువే గీరుకుంటే కొనొద్దు. రిమ్ము లోపల గ్రీజు చిమ్మిన మరకలుంటే సీవీ బూటు (చక్రానికి పవర్ తెచ్చే యాక్సిల్ జాయింటు మీది రబ్బరు తొడుగు) చిరిగినట్టే.

వెనక డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకీ పవర్ పంచే గేర్ల డబ్బా) ఆయిల్ చుక్క తీయించి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వేడి మీదున్న డిఫరెన్షియల్ వాగులో మునగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. బ్రీదర్ (దానికి గాలి ఆడే రంధ్రం) మట్టితో మూసుకుపోయుంటే సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది.

ఎర్రచెలక:
అసలు సంగతి టైర్లది. నల్లరేగడి తడిస్తే రెండు చుట్లకే టైరు గాడులు నిండి నున్నగా అయిపోతుంది, ఇక నాలుగు చక్రాలు తిరిగినా పట్టుండదు. ఏటీ (ఆల్ టెర్రైన్, లోతు గాడులున్న) టైర్లు వేయించండి, నాలుగూ ఒకేసారి. బురద ముందు గాలి 22 పీఎస్‌ఐకి దించండి, తారు ఎక్కేముందు మళ్లీ నింపాలి. 12 వోల్టుల పంపు బండిలోనే ఉంచుకోండి.

బురదలో నాబు లాక్‌లో, రెండో గేరు, యాక్సిలరేటర్ నిలకడగా. చక్రం తిరిగినా బండి కదలకపోతే వెంటనే ఆపేయండి. ఇంకా తొక్కితే కప్లింగ్ వేడెక్కి వెనక్కి పవర్ ఆపేస్తుంది, చల్లారేదాకా రాదు. ఆలోపు చక్రం ముందు మట్టి తవ్వి కందికట్టె పరవండి, మీ వైపు దానికి కొదవ లేదు. ఏటవాలుగా కోసిన మొదళ్లు మాత్రం టైరు వైపు రాకుండా చూడండి, గుచ్చుకుంటాయి.

పరిగి రోడ్డు:
ట్రాక్టర్‌తో లాగించొచ్చా?

గేర్‌ఆయిల్:
లాగించొచ్చు. టో హుక్‌కే బెల్టు కట్టాలి, సస్పెన్షన్‌కి వద్దు, ఇనుప గొలుసు వద్దు. బండి చెడిపోతే మాత్రం ఫ్లాట్‌బెడ్డే పిలవండి. రెండు చక్రాలు ఎత్తి మిగతావి దొర్లిస్తూ తీసుకెళ్తే కప్లింగ్ దెబ్బతింటుంది.

పొలం నుంచి వచ్చిన రోజే అడుగున వాటర్ సర్వీసింగ్ చేయించండి. నల్లమట్టి రిమ్ము లోపల ఎండి రాయైతే ఔటర్ రింగ్ రోడ్డు మీద 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్‌కి డబ్బులు పెట్టేముందు అక్కడ గీకి చూడండి.