బీకాం చదివాను, లినక్స్ అసలు రాదు. రెడ్ హ్యాట్ కంపెనీ పెట్టే లినక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకి కోచింగ్ తప్పదా?

గాజువాక కుర్రాడు:
అందరికీ నమస్తే. ఋషికొండ వైపు ఒక ఆఫీసులో డెస్క్‌టాప్ సపోర్ట్ చేస్తున్నాను, నైట్ షిఫ్ట్, ఏడాదిన్నర అయింది. పాస్‌వర్డ్ రీసెట్లు, ప్రింటర్లు, ఔట్‌లుక్ తెరుచుకోవట్లేదు అనే కాల్స్, రోజూ ఇదే. సర్వర్ టీంలోకి రావాలంటే లినక్స్ నేర్చుకో, ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ రాయి అన్నారు మా లీడ్. ద్వారకానగర్‌లో ఒకచోట అడిగితే 45 రోజులు, 28 వేలు, పరీక్ష ఫీజు వేరే అన్నారు. డెమో క్లాసులో కూర్చున్నా, సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ మీద చెప్తున్నారు. అయిపోయాక పక్కకి పిలిచి "ఆఖర్లో ప్రశ్నలు కూడా మేమే ఇస్తాం, భయం లేదు" అన్నారు. ఇంట్లో 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ ఉంది, విండోస్. కోచింగ్ లేకుండా అవుతుందా? నిజం చెప్పాలంటే ఆ నల్ల స్క్రీన్ చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

మద్దిలపాలెం రూట్:
తమ్ముడూ, ముందు ఆ 28 వేలు జేబులోంచి తీయకు. సెంట్‌ఓఎస్ 7కి సపోర్ట్ 2024 జూన్ 30తోనే ఆగిపోయింది, ఇప్పటికీ దాని మీదే చెప్తున్నారంటే ఆ నోట్స్ ఎప్పటివో నువ్వే ఊహించుకో. 7 తర్వాత సిలబస్ చాలా మారింది. నువ్వు కూర్చోబోయే పరీక్ష ఏ వెర్షన్ మీదో రెడ్ హ్యాట్ వాళ్ల ఈఎక్స్200 (ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష కోడ్) పేజీలో చూసుకో, అక్కడే సిలబస్ మొత్తం ఉచితంగా ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి గోడకి అంటించు, నేనైతే అదే చేశాను.

ఇందులో ఆప్షన్లకి టిక్కులు పెట్టేది ఏమీ ఉండదు. 3 గంటలు, ఎదురుగా సిస్టమ్, చెప్పిన పని చేసి చూపించాలి. 300కి 210 వస్తే పాస్. నెట్ ఉండదు, మ్యాన్ పేజీలు (సిస్టమ్‌లోనే ఉండే కమాండ్ల వివరణ) మాత్రం ఉంటాయి, అందుకే కమాండ్లు బట్టీ పట్టే బదులు మ్యాన్ పేజీలో ఉదాహరణ ఎక్కడుందో వెతకడం అలవాటు చేసుకో. అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు చేసిన పని రీబూట్ తర్వాత కూడా నిలబడాలి. నేను మొదటిసారి పోయింది ఇక్కడే. అన్నీ అయ్యాయి, ఇంకా పావుగంట ఉంది, సరే ఒకసారి రీబూట్ చేసి చూద్దాం అనుకున్నా. సిస్టమ్ లేవలేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో, అంటే సిస్టమ్ లేచేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో రాసే ఫైల్లో, ఒక లైను తప్పు రాశాను, చేతులు వణికి దాన్ని బాగుచేయడం కూడా రాలేదు. బయటికి వచ్చి ఆర్కే బీచ్‌లో గంటసేపు అలా కూర్చున్నా, మిరపకాయ బజ్జీ కూడా గొంతు దిగలేదు. ప్రశ్న ఏమిటని మాత్రం అడక్కు, బయట చెప్పనని ఒప్పుకునే కూర్చుంటాం అక్కడ.

8 జీబీ చాలు. వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, రెడ్ హ్యాట్ లాంటివే అయిన ఉచిత లినక్స్‌లు రాకీ గానీ ఆల్మా గానీ గ్రాఫిక్స్ లేకుండా రెండు మెషీన్లు పెట్టు, ఒక్కోదానికి 2 జీబీ. అసలు రెడ్ హ్యాటే కావాలన్నా డెవలపర్ అకౌంట్‌తో ఉచితంగా దొరుకుతుంది. 5 జీబీ డిస్కులు రెండు అదనంగా తగిలించు, ఎల్‌వీఎం (డిస్కుల్ని కలిపి కావలసిన సైజుల్లో పంచుకునే పద్ధతి) ప్రాక్టీసుకి. స్నాప్‌షాట్ (మళ్లీ వెనక్కి రావడానికి మెషీన్‌ని ఉన్నదున్నట్టు సేవ్ చేయడం) తీసుకో, ఆపైన కసితీరా పాడుచెయ్యి. రోజుకి గంటన్నర కూర్చుంటే నాలుగు నెలలు, నాకైతే అంతే పట్టింది.

సీతమ్మధార అక్క:
రూట్ గారు చెప్పింది నిజమే, కానీ అసలు ఏమీ రాని అబ్బాయిని నేరుగా ఆ పరీక్షకి తోయడం నాకు నచ్చలేదు. ఫీజు తక్కువేం కాదు. నేను ముందు ఎల్‌పీఐసీ-1 అనే, ఒక్క కంపెనీకి కట్టుబడని లినక్స్ సర్టిఫికేట్ చేశాను. 101, 102 అని రెండు పేపర్లు, ఒక్కోటి 60 ప్రశ్నలు, 90 నిమిషాలు. రెడ్ హ్యాట్ ఒక్కటే కాదు, డెబియన్ అనే ఇంకో రకం లినక్స్ వైపు ప్యాకేజీలు కూడా తెలుస్తాయి, ఐదేళ్లు చెల్లుతుంది. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ మూడేళ్లే. అయితే ఇంటర్వ్యూల్లో నన్ను ఎల్‌పీఐసీ గురించి అడిగినవాళ్లు ఇద్దరే, అదీ చెప్పాలిగా.

ఇంకోటి బాబూ, ఎస్‌ఈలినక్స్ (ఏ ప్రోగ్రాం ఏది ముట్టుకోవచ్చో కట్టడి చేసే భద్రతా ఏర్పాటు) విసిగిస్తోందని ఆపేసి ప్రాక్టీసు చేసేవాళ్లు చాలామంది, నువ్వలా చేయకు. వెబ్ సర్వర్‌ని మామూలు 80 కాకుండా ఎస్‌ఈలినక్స్ ఒప్పుకునే జాబితాలో లేని పోర్టు మీద పెట్టి చూడు, స్టార్ట్ కాదు, కాన్ఫిగ్‌లో తప్పేమీ కనపడదు. సీమేనేజ్ కమాండ్‌తో ఆ పోర్టుకి లేబుల్ ఇచ్చాక ఠక్కున లేస్తుంది. బయటి నుంచి తెరుచుకోవాలంటే ఫైర్‌వాల్‌లో కూడా చెప్పాలి, అదీ పర్మనెంట్‌గా. ఈ రెండూ అర్థమైతే సగం భయం పోయినట్టే.

కంచరపాలెం:
ప్రశ్నలు ఇస్తామన్న చోటికి పోకు గురూ. తెలిసిపోతే సర్టిఫికేట్ రద్దు చేస్తారు, డబ్బూ పోతుంది పేరూ పోతుంది. చదువుకోడానికి చోటు లేకపోతే ద్వారకానగర్‌లోనే పౌర గ్రంథాలయం ఉంది.

గాజువాక కుర్రాడు:
మూడు వారాల తర్వాత వస్తున్నా. డబ్బు కట్టలేదు. ఆల్మా వేశాను, యూజర్లు, పర్మిషన్లు అయ్యాయి, ఎల్‌వీఎం మొదలుపెట్టాను. ఈ రాత్రి రూట్ అన్న కథే నాకూ జరిగింది. డిస్కు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసి రీబూట్ చేస్తే, ఏదో డిస్కు కోసం 1 నిమిషం 30 సెకన్లు లెక్కపెట్టి, ఎమర్జెన్సీ మోడ్ అని రూట్ పాస్‌వర్డ్ అడుగుతోంది. స్నాప్‌షాట్ తీయడం మర్చిపోయా. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

మద్దిలపాలెం రూట్:
వద్దొద్దు, ఇంత మంచి ప్రాక్టీసు మళ్లీ దొరకదు! రూట్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లు. వీఐ ఎడిటర్‌లో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తెరువు. సేవ్ కావట్లేదంటే రూట్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీలో ఉన్నట్టు, ముందు దాన్ని రాయడానికి వీలయ్యేలా రీమౌంట్ చేయాలి. కొత్తగా రాసిన లైను లెక్కలోకి రాకుండా దాని ముందు హ్యాష్ (#) పెట్టి రీబూట్ చెయ్యి, లేస్తుంది. అప్పుడు బీఎల్‌కేఐడీ కమాండ్ కొట్టి, వచ్చిన యూయూఐడీని (డిస్కు గుర్తింపు కోడ్‌ని) నీ లైనుతో ఒక్కొక్క అక్షరం పోల్చు. ఇకమీదట ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ముట్టుకున్న ప్రతిసారీ రీబూట్‌కి ముందు మౌంట్ హైఫన్ ఏ (ఆ ఫైల్లో ఉన్నవన్నీ తగిలించి చూసే కమాండ్) కొట్టు, తప్పుంటే అక్కడే తిడుతుంది.

గాజువాక కుర్రాడు:
లేచింది అన్నా. 8 ఉండాల్సిన చోట బీ కొట్టాను, కాపీ చేయకుండా చూసి టైప్ చేశా మరి. హ్యాష్ తీసి, మౌంట్ హైఫన్ ఏ కొట్టి, రెండుసార్లు రీబూట్ చేశా, రెండుసార్లూ లేచింది. ఇప్పుడు స్నాప్‌షాట్ తీస్తున్నా.