అప్‌డేట్: కుటుంబ బ్రూవరీ లాగర్‌లో వెన్న వాసన, కారణం తెలిసింది

జర్మనీలోని ఫ్రాంకోనియాలో మా మామగారి తర్వాత నా భర్తా నేనూ నడుపుతున్న చిన్న బ్రూవరీలో, ట్యాంకులో బాగానే ఉన్న లాగర్ బీరు, కెగ్గుల్లో (లోహపు పీపాల్లో) నింపిన కొన్ని వారాలకు వెన్న వాసన వేస్తోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

నమూనాను వేడిచేసి చూడమన్న సలహాయే దారి చూపింది. ట్యాంకులోని బీరును మూత బిగించి 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, చల్లార్చి, వేడిచేయని దానితో పోల్చి చూస్తే రెండింటిలోనూ ఆ వాసన లేదు. అంటే ఈస్ట్ విడుదల చేసే, తర్వాత (వేడిచేస్తే త్వరగా) వెన్న వాసననిచ్చే డైఎసిటైల్‌గా మారే పదార్థం బీరులో మిగలలేదు. లోపం ఆ తరువాతి దశలోనే ఉంది. ప్రయోగశాల నుంచి వచ్చిన నిపుణురాలు, కెగ్గులు నింపే యంత్రంలో పగిలిన ఒక రబ్బరు వాషరు కింద డైఎసిటైల్‌ను తయారుచేసే పెడియోకాకస్ బాక్టీరియాను గుర్తించారు. బీరుకు చేదునిచ్చి, బాక్టీరియాను అడ్డుకునే హాప్స్ పూలను తట్టుకోగల రకం కావడంతో, శుభ్రపరిచే కాస్టిక్ ద్రావణం చేరని ఆ పగుళ్లలో అది నిలిచిపోయింది. వాషర్లన్నీ మార్పించి, గొట్టాలు విప్పి కడిగించాక నింపిన కెగ్గుల్లో వాసన మళ్లీ రాలేదు.

ఇక్కడ కొందరు అనుమానించిన నీటి కాఠిన్యానికీ మాల్ట్‌కూ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీకి) దీనితో సంబంధం లేదు. ఈస్ట్‌ను పారేసి కొత్తది తెచ్చుకోవాలన్న సలహా మాత్రం మా ఇంట్లో చాలా బాధ కలిగించింది. తండ్రి కాలం నుంచి కాపాడుకుంటూ వచ్చిన ఆ ఈస్ట్‌ను, మాకు అప్పగించిన వాటన్నిటిలోకీ విలువైనదిగా మామగారు భావిస్తారు. అందులో ఏ దోషమూ లేదని పరీక్షలో తేలింది కనుక ఇప్పటికీ దానితోనే బీరు తయారుచేస్తున్నాం. ఇదే సమస్య ఎదురైనవారు ఈస్ట్ జోలికి వెళ్లే ముందు నింపే యంత్రాన్ని విప్పించి చూడండి.